బూట్లతో చూసిన కెథీడ్రల్

న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధనకు అద్దెకు తీసుకున్న హాలు గుమ్మం దగ్గర నేను కొనిపెట్టిన చెప్పుల స్టాండును కార్యదర్శి సుధాకర్ తీయించేశాడు. "అన్నా, ఇది అమెరికా. ఇక్కడ చర్చిలో షూస్ ఎవరు విప్పుతారు?" అన్నాడు, అందరి ముందు. కొందరు నవ్వారు. ఎవరెవరో నాకు గుర్తుంది. ఆరు ఆదివారాలుగా ఆరాధనకు వెళ్లలేదు. ఒక్కరూ ఫోన్ చేయలేదు. న్యూయార్క్‌లోని గోథిక్ కెథీడ్రల్ గుమ్మంలో నా బూట్లు విడిచి, ఫొటో తీసి, సుధాకర్‌కు జవాబుగా సంఘం గ్రూపులో పెట్టాలని నవంబరులో ఒక శనివారం బయల్దేరాను.

మెట్రోపార్క్ స్టేషన్‌లో తొమ్మిదింటికి రైలు. పక్క సీట్లో ఓ తెలుగమ్మాయి.

"ఒక్కరే వెళ్తున్నారా అంకుల్? ఆంటీని తీసుకురాలేదా?"

"ఆమె లేరమ్మా."

ఆ అమ్మాయి సారీ చెప్పి ఫోన్ చూసుకుంది. నేను కిటికీ చూసుకున్నాను.

పెన్ స్టేషన్‌లో దిగి, ఒకటో నంబరు సబ్‌వేలో నూటపదో వీధికి వెళ్లాలి. కెథీడ్రల్ లోపలికి టికెట్ ముందే బుక్ చేసుకోండి. నేను చేసుకోక క్యూలో నిలబడ్డాను. గుమ్మంలో బూట్లు విప్పగానే గార్డు ఆపాడు.

"షూస్ వేసుకోవాలి సర్."

"దేవుని ఇంట్లోకి వాటితో రాను."

"దేవుడు ఏమీ అనుకోడు సర్. మా మేనేజర్ అనుకుంటాడు."

పట్టుదలగా బయట మెట్ల మీద కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే ముందువైపు రెండు బురుజులూ అసంపూర్తిగానే ఉన్నాయి. యూరప్‌లో ఇలాంటి కొన్నిటికి రాజులు డబ్బిచ్చారు. ఇక్కడ రాజు లేడు. చందాలు ఆగినప్పుడల్లా పనీ ఆగింది. పాదాలు కొయ్యబారాక బూట్లు తొడుక్కుని లోపలికి వెళ్లాను.

బలిపీఠం వైపు గుండ్రని కమానులు. ఇటువైపు మొనదేలిన గోథిక్ కమానులు. రెంటి మధ్య నున్నగా చేయని రాతిగోడ. "మధ్యలో ప్లాన్ మారింది. పాతది కూల్చలేదు, దానికే కొత్తది కలిపారు," అని గైడు చెప్పింది. ఆ రాతిని చాలాసేపు చూశాను. అంత పొడవు హాల్లో నా వరుసలో నేనొక్కడినే. మా అద్దె హాల్లో ఎవరో ఒకరు "కొంచెం జరగండన్నా" అంటూనే ఉంటారు.

తిరుగు రైలులో కెథీడ్రల్ పైకప్పు ఫొటో ఒకటి గ్రూపులో పెట్టాను, మాటేమీ రాయకుండా. న్యూవార్క్ దాటాక సుధాకర్ మెసేజ్ వచ్చింది: "బాగుందన్నా. ఒక్కరే వెళ్లారా? చెబితే నేను డ్రైవ్ చేసేవాణ్ణి కదా."

ఈ పలకరింపు ఆరు వారాల క్రితం రావలసింది.  మెట్రోపార్క్‌లో దిగాకే రాశాను:

"స్టాండు ఎక్కడ పడేశావో వెతికి పెట్టు. రేపు నా బూట్లు పెట్టుకోవాలి."