గంగాధరరావు గారి నాలుగు లైన్లు

జర్మనీలోని హానోవర్‌లో మా ఇంటి రెండో అంతస్తులో గంగాధరరావు గారు ఉండేవారు. 2020 వసంతంలో కరోనా భయంతో అందరం తలుపులు మూసుకున్నా, ఆయన గోదావరి గొంతు మాత్రం బాల్కనీలోంచి పెరట్లోకి దిగుతూనే ఉండేది.

పదకొండేళ్ళ కిందట, ఇంకా బ్రహ్మచారిగా ఉండగా, ఆయనొక లాప్‌టాప్ కొన్నారు. దానికి కెమెరాను తయారీలోనే తలకిందులుగా బిగించారు. పెళ్ళిచూపులు అందులోనే. రాజమండ్రిలో కూర్చున్న మీనాక్షి గారికి వరుడు కాళ్ళు పైకి, తల కిందికి దర్శనమిచ్చాడు.

"గబ్బిలంలా వేలాడుతున్నారండీ! మా పెదనాన్న కంప్యూటర్నే బోర్లించి చూశాడు" అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే నవ్వేది.

ఆయన వారమంతా కూర్చుని లినక్స్ కెర్నల్‌లో, అంటే యంత్రంలోని భాగాలన్నిటితో పని చేయించే అడుగు పొరలో, బొమ్మను తిప్పే నాలుగు లైన్ల సవరణ రాసి ప్యాచ్‌గా వేశారు. మరుసటి ఆదివారం నిటారుగా కనిపించారు. సంబంధం కుదిరింది.

కింద వాటాలో అనూహ్య ఉండేది, వరంగల్ అమ్మాయి. గురువారం పదింటికి ఆమె మాస్టర్స్ ఆఖరి మౌఖిక పరీక్ష, ఆన్‌లైన్‌లో. మూడు రోజుల ముందు లాప్‌టాప్ మీద టీ ఒలికింది. షాపులు మూత, తెప్పించుకుంటే వారం పైనే. ముఖమూ స్లైడ్లూ ఒకే యంత్రంలో కనిపించాలి, ఫోన్ కుదరదన్నారు. ఇది తప్పితే టెర్మిన్, అంటే పరీక్షకిచ్చే తేదీ, మళ్ళీ అక్టోబరులోనే. వీసా ఆగస్టుతో సరి.

గంగాధరరావు గారు ఆ పాత లాప్‌టాప్‌ను సంచిలో పెట్టి, తాడు కట్టి బాల్కనీలోంచి దింపారు.

"పాత సిస్టమ్‌లో ఇప్పటి వీడియో కాల్స్ నడవవు, కొత్త లినక్స్ వేసుకో తల్లీ. నా ప్యాచ్ మాత్రం మర్చిపోకు, లేకపోతే నువ్వూ గబ్బిలమే!"

ఆ అమ్మాయి బుధవారమంతా కూర్చుని ఆయన చెప్పినట్టే చేసింది. గురువారం ఎనిమిదింటికి లాప్‌టాప్ పట్టుకుని పెరట్లోకి పరుగున వచ్చింది.

"అంకుల్, తలకిందులే కనిపిస్తున్న!"

"ప్యాచ్ సరిగ్గా పడలేదేమో."

"పడ్డది అంకుల్, రెండుసార్లు చూసిన."

"బోర్లించి చూడమనండి" అన్నారు మీనాక్షి గారు వెనకనుంచి.

"నువ్వాగు. అమ్మా, ఏదీ ముట్టుకోకు. స్టార్టయ్యేటప్పుడు కెర్నల్ రాసుకున్న లాగ్ తెరిచి, మొదట్నుంచి పైకి చదువు."

ఆయన పద్ధతే అది. చూడరు, వింటారు. రెయిలింగ్ మీద మోచేతులు ఆనించి, కళ్ళు మూసుకుని అరగంట విన్నారు.

"టైమైతుంది అంకుల్..."

"చదువమ్మా."

"కెమెరా దొరికింది. తలకిందులుగా ఉంది, బొమ్మ తిప్పుతున్నాను..." ఇంకో రెండు లైన్లు చదివి ఆగిపోయింది. "అంకుల్, గీ తిప్పుడు మళ్ళొచ్చింది. ముందుది కెర్నల్‌ది. వెనకది మీది."

ఆయన కళ్ళు తెరిచారు. ఈ పదకొండేళ్ళలో ఇంకెవరో, ఎక్కడో, ఇదే మోడల్‌తో అవస్థపడి సరిచేసి ఉంటారు. ఆ సవరణ అసలు కెర్నల్‌లోకే చేరిపోయింది. అది నిటారుగా నిలబెట్టిన బొమ్మను ఈయన ప్యాచ్ మళ్ళీ తిరగేస్తోంది.

"నాది అక్కర్లేదు తల్లీ" అన్నారు చివరికి. "స్టార్టయ్యేటప్పుడు వచ్చే మెనూలో ప్యాచ్ లేని కెర్నల్ కూడా ఉంటుంది. దాంతో స్టార్ట్ చెయ్యి."

తొమ్మిదింపావుకి అనూహ్య నిటారుగా కనిపించింది. పదకొండున్నరకి పెరట్లోంచి కేక: "పాసైన అంకుల్!"

వారం తర్వాత లాప్‌టాప్ అదే తాడుతో పైకెక్కింది.

"నా ప్యాచ్ కెర్నల్ తీసేశావా?" ఆయన అడగనట్టే అడిగారు.

"మనసు రాలే అంకుల్. మెనూల రెండోది గదే."

ఆ సాయంత్రం మీనాక్షి గారి నవ్వు పెరడంతా వినిపించింది. తలెత్తి చూస్తే ఆయన బాల్కనీలో లాప్‌టాప్ ముందు బుద్ధిగా కూర్చున్నారు, ఆవిడ పక్కనుంచి తెరలోకి తొంగి చూస్తోంది.

"కదలకండి" అంటోంది. "అచ్చం ఆ రోజులాగే వేలాడుతున్నారు."