చెవులక్క చేసిన చెవిటి డబ్బా

వినికిడి మిషన్లు బాగుచేసే ఆ మనిషిని అసలు పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆమెకన్నా ఇరవైయేళ్ళు పెద్దవాళ్ళు కూడా చెవులక్క అనే అంటారు. ఒక బల్ల, బల్లకు బిగించిన భూతద్దం, చీపురుపుల్లల్లాంటి స్క్రూడ్రైవర్లు. అంతే ఆమె రాజ్యం. బఠాణీ గింజంత బ్యాటరీతో మనిషి చెవిని పది రోజులు నడిపించాలి గనుక, కరెంటు విషయంలో ఆమెంత పిసినారి నాకు ఎక్కడా తగల్లేదు.

వినపడని చెవులకు వినికిడి తెప్పించే ఈ మనిషి, పోయినేడు పనిగట్టుకుని ఒక చెవిటి వస్తువు చేయడానికి కూర్చుంది. కారణం ఆమె వదిన.

వదిన అంటే బస్సు డ్రైవరైన భర్తకు అక్క. అల్లికలకు నమూనాలు గీస్తుంది. కొనేవాళ్ళు సముద్రాల అవతలివాళ్ళు. వాళ్ళు క్రిప్టో నాణేలు పంపేవారు. ఆ నాణేలకు తాళం చెవి అంటే ఇరవై నాలుగు మాటల వరస. అది ఎవరి చేతిలో పడితే సొమ్ము వాళ్ళది. వదిన ఆ వరసను మరిచిపోతానేమోనని ఫోనుతో ఫోటో తీసి ఫోనులోనే ఉంచుకుంది. ఒకనాటి ఉదయం పళ్ళు తోముకుని వచ్చేసరికి రెండేళ్ళ కష్టం మాయం. ఎవడో, ఎక్కడివాడో, నెట్ దారిన ఆ ఫోటో లాగేశాడు. ఆనాటి నుంచి ఎనిమిది నెలలు ఒక్క గీత గీయలేదు. "గీసి ఎవడి నోట్లో పొయ్యను?" అనేది.

"నెట్ గాలి కూడా సోకని డబ్బా చేసిస్తా. అప్పుడైనా గీస్తావా వదినా?" అంది చెవులక్క.

"చూద్దాంలే."

ఆ ఒక్క 'చూద్దాంలే' కోసం మూడు నెలలు చేతులు కాయలు కాసేలా పనిచేసింది.

తిరిగిన ప్రతిచోటా నేను తాళాలు చూశాను. గుమ్మడికాయంత తాళం చూశాను. పుస్తకం అట్టలో తాళం చెవి దాచి, ఆ పుస్తకాన్ని ఎవరికో అరువిచ్చేసి, ఆ ఎవరో ఎవరో గుర్తురాక ఏడ్చిన పెద్దమనిషినీ ఎరుగుదును. సరే, డబ్బా సంగతికొస్తాను.

సబ్బుపెట్టెంత ఉంటుంది. రెండు మామూలు బ్యాటరీలు, చిన్న తెర, నాలుగు మీటలు, ఒక కెమెరా కన్ను. వైఫై లేదు, బ్లూటూత్ లేదు, తీగ గుచ్చడానికి కన్నమైనా లేదు. సొమ్ము పంపాలంటే ఫోనులోని క్యూఆర్ గళ్ళను ఆ కంటికి చూపాలి. డబ్బా లోలోపలే సంతకం చేసి, తన తెర మీద వేరే గళ్ళు చూపిస్తుంది. ఫోను ఆ సంతకాన్ని మోసుకుపోతుందే తప్ప తాళం చెవి మొహం ఎన్నడూ చూడదు. మొదటి డబ్బా మూడు రోజుల్లో బ్యాటరీలు తాగేసింది. మీట నొక్కితేనే తెర మేలుకునేలా మార్చాక, రెండో డబ్బాకు ఏడాది ఢోకా లేదంది.

ఇక మిగిలింది కొత్త తాళం చెవి పుట్టించడం. ఆ మాటలు మనిషి ఎంచుకుంటే ఇంకో మనిషి ఊహించగలడు. అందుకని పాచిక వేసి, పడిన అంకె డబ్బాలో నొక్కాలి. అలా తొంభై తొమ్మిది సార్లు. ఆ అంకెల్లోంచి డబ్బా మాటల్ని తీస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం, బాగుకిచ్చిన నా చెవి మిషను తెచ్చుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. చెవులక్క నా చెవిలో మిషను పెట్టి, నా ఫోను లాక్కుని, ఏ ఫోనూ చూడకుండా వినకుండా అందరి ఫోన్లతోపాటు ప్రెషర్ కుక్కర్లో పెట్టి మూత బిగించింది.

"ఉడికించకే, కొత్త ఫోను!" అన్నాడు డ్రైవరు.

"తొంభై తొమ్మిదేంటి, వందకి ఒకటి తక్కువ?" అంది అత్తగారు, అంటే డ్రైవరూ వదినా వాళ్ళ అమ్మ.

"అది చాలత్తయ్యా. మీరూ, వదినా, ఈయనా తలా ముప్పై మూడు వెయ్యండి. అంకె పైకి అనకండి, నొక్కండి చాలు." అలా చెప్పి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

టీతో తిరిగొచ్చి తెర చూసి ఆగిపోయింది. ఏ అంకె ఎన్నిసార్లు పడిందో చూపే ఏర్పాటు చేసుకుంది. ఆరులు ముప్పై. ఒకట్లు ఎనిమిది.

"ఇదేం విడ్డూరం? పాచికలో తేడా ఉందా?"

"పాచిక బాగానే ఉంది," అంది అత్తగారు. "ఐదూ ఆరూ తప్ప వేరేవి పడితే నేనే మళ్ళీ వేశాను. నా కూతురి సొమ్ముకి ఒకట్లూ రెళ్ళూ పెడతానా? నేనంత పిసినారిదాన్ని కాను."

"నేను మోసం చెయ్యలేదు," అన్నాడు డ్రైవరు. "వరసగా రెండు నాలుగులు పడితే మాత్రం, పాచిక మొరాయిస్తోందని మళ్ళీ వేశా."

చెవులక్క నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "మీ ప్రేమలు తగలెయ్య! ఈ ఇంట్లోవాళ్ళకి ఏది ఇష్టమో, ఏది గిట్టదో తెలిస్తే దొంగకి సగం పని తీరినట్టే. పడిందేదో పడాలి."

తన వంతు వేసి కూర్చున్న వదినకు నవ్వు మొదలైంది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, ఆఖరికి బల్ల పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా. "అమ్మా, నీకన్నా ఆ దొంగే నయం కదే!" అంది. అత్తగారు మూతి ముడుచుకుని, తనూ నవ్వేసింది.

"జరగండి," అని వదిన కుర్చీ ముందుకు లాక్కుంది. పాత అంకెలు చెరిపించింది. తొంభై తొమ్మిది సార్లూ పాచిక ఒక్కతే వేసింది. ఒకటి పడ్డప్పుడల్లా అత్తగారు అబ్బా అంటూనే ఉంది. మేమంతా గోడవైపు తిరిగితే, వచ్చిన మాటల్ని వదిన కాగితం మీద రాసుకుంది.

"ఈ డబ్బా నీళ్ళలో పడితే?" అంది వదిన.

"కాగితం ఉంది కదా."

"ఉంటే? సొమ్ము తిరిగొస్తుందా?"

"నా మాటెందుకు? నువ్వే చంపి చూడు."

వదిన డబ్బాలో ఉన్నదంతా చెరిపేసి, బ్యాటరీలు పీకేసి, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి వచ్చింది. బ్యాటరీలు మళ్ళీ వేసి, కాగితం చూస్తూ ఒక్కో మాటా నొక్కింది. గదిలో మీటల చప్పుడే. చెవులక్క గోళ్ళు కొరుక్కుంటోంది. చివరి మాట పడగానే తెర మీద, సొమ్ము వచ్చి చేరే చిరునామా, చెరపకముందు చూపినదే, అక్షరం పొల్లుపోకుండా లేచి కూర్చుంది.

వదిన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంతా బాగుంది గానీ, ఇంత వికారంగా చేశావేంటే? ముట్టుకోబుద్ధి కావట్లేదు. వేరే తెల్లకాగితం ఒకటి ఇటివ్వు."

డబ్బాను ఆ తెల్లకాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీసింది. లోపల గళ్ళు, గళ్ళలో లతలు.

"తొడుగు వెయ్యి గానీ వదినా, కెమెరా కన్ను మూసెయ్యకు. మీటల దగ్గర..."

"నా పని నాకు చెప్పకు," అంది వదిన తలెత్తకుండా. "కాస్త పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం వస్తున్నావ్."