చెప్పుల స్టాండు పక్కన డప్పు

మేడ్చల్‌లో మా బస్తీ కమ్యూనిటీ హాలులో ఆదివారాలు కాలేజీ పిల్లలకు ఆఫ్రికా ఆట, డోలు నేర్పుతాను. హాలు తాళంచెవి కమిటీ ప్రెసిడెంటు దగ్గరుంటుంది. మా డోళ్లంటే ఆయనకు మహా మోజు. ఫారిన్ సరుకని వచ్చినవాళ్లందరికీ చూపించుకుంటాడు.

ముసురు పట్టిన ఓ ఆదివారం డోళ్ల మీది మేకతోళ్లు మెత్తబడి మొద్దుగా పలికాయి. షామీర్‌పేట నుంచి వచ్చే అమ్మాయి ఆ రోజు వాళ్ల తాత డప్పు పట్టుకొచ్చింది. "మా తాత దీన్ని మంటకు కాగబెడ్తడు మేడం, తోలు బిగుస్తది. మనం గూడ గట్లనే జేద్దాం" అంది.

ప్రెసిడెంటు గుమ్మంలోనే ఆపాడు. "గది సావు డప్పు. లోపటికి తేవద్దు."

"రెండూ మేకతోలే గద సార్!"

"నాకే జెప్తున్నవా? బయట పెట్టు."

అది తప్పని అనబోయాను. కానీ తాళంచెవి గుర్తొచ్చింది. "పెట్టి రామ్మా, క్లాసుకు టైమైంది" అన్నాను, ఛీ, ఎంత మెత్తగానో. ఆ పిల్ల డప్పును చెప్పుల స్టాండుకు ఆనించి, నా మొహం చూడకుండా లోపలికొచ్చింది.

సిగ్గులేకుండా ఆమె చెప్పినట్టే వరండాలో మంట వేసి మా డోళ్లు కాచుకున్నాం. ఖంగుమన్నాయి. పిల్లలు ఆట మొదలుపెట్టారు. ప్రెసిడెంటు ముందు కుర్చీలో కూర్చుని తొడ మీద దరువేస్తూ, "మస్తుంది మేడం! మా మనుమని బర్త్‌డేకు గిదే ఆడియ్యాలె" అన్నాడు.

ఘనాలో ఆ ఆట చావింటి ముందు కూడా ఆడతారు. చెబుదామని నోరు తెరిచాను.

"తప్పకుండా సార్" అన్నాను.