కింది ఇండ్ల నల్లాలు

మా నాయిన ముప్పై ఏండ్లు వనస్థలిపురం కాలనీలకు నల్లా నీళ్లు వదిలిన లైన్‌మన్. నీళ్ల వాల్వ్ తిప్పే పొడుగాటి ఇనుప రాడ్‌ను సైకిల్‌కు కట్టుకుని దినం తప్పించి దినం పొద్దున్నే పోయేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని. నీళ్లు సన్నగా వస్తున్నాయని ఎవరైనా గొడవ పెడితే ఆయన ముందు ఆ ఇంటి నల్లా చూసేవాడు కాదు. గల్లీ చివరిదాకా నడిచి, "అక్కా, జర నీ నల్లా ఇప్పు" అని ఒక్కో తలుపు కొట్టేవాడు. అన్నీ ఇప్పించాకే వెనక్కి వచ్చి పైపు మీద చెయ్యి పెట్టేవాడు.

"అందరు కట్టేసుకుంటే ప్రెషర్ మంచిగనే ఉంటది బిడ్డా. వాడేటోళ్లు లేని కాడ ప్రెషర్ చూసి మురవొద్దు" అనేవాడు.

నేను డిగ్రీ చదివి, ఉద్యోగంలో చేరి, ఆ మాటే మర్చిపోయాను.

అమ్మ పోయాక, రిటైరయ్యాక, నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి వచ్చాడు. లిఫ్ట్ లేని మూడో అంతస్తు. మా పాపను నర్సరీకి తీసుకుపోవడం, తీసుకురావడం ఆయన పనే. పోయిన చలికాలం మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. ఎల్‌బీ నగర్ దగ్గర ఒక దవాఖానకు తీసుకుపోతే యాంజియోగ్రామ్ చేసి, గుండెకు రక్తం పోయే మూడు నాళాల్లో అడ్డు ఉందన్నారు.

బైపాస్ ఆపరేషన్ ముందు ఇంకో పరీక్ష చెయ్యాలన్నాడు డాక్టర్. అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. పాప రెండుసార్లు దగ్గితే థర్మామీటర్ వెతుకుతాను. మూడు అడ్డులుంటే మూడూ సరిచెయ్యక మళ్లీ పరీక్ష ఎందుకని అడిగాను.

"ఫొటోలో నాళం ఎంత సన్నబడిందో కనిపిస్తుందమ్మా, రక్తం ఎంత దాటుతోందో కనిపించదు. బాగా పారుతున్న నాళానికి పక్కదారి వేస్తే ఆ కొత్త దారి వాడుక లేక మూసుకుపోవచ్చు. వెంట్రుకంత తీగ పంపి, అడ్డుకు ముందు ప్రెషర్, దాటాక ప్రెషర్ రెండూ చూస్తాం. ముందు వంద ఉంటే దాటాక ఎనభైకి పైన ఉండాలి. తగ్గితే బైపాస్."

"మందు కూడ ఏదో ఎక్కిస్తరంట కదా సారూ?" అన్నాడు నాయిన.

"అవును పెద్దాయనా. ఆ మందుకు గుండెలో చిన్న చిన్న నాళాలన్నీ తెరుచుకుంటాయి. అప్పుడే అసలు ప్రెషర్ తెలుస్తుంది. ఒక్క నిమిషం ఛాతీ బరువుగా ఉంటుంది, భయపడకండి."

నాయిన నావైపు తిరిగి నవ్వాడు. "చూసినవా, ఈ సారు కూడ లైన్‌మనే. నల్లాలన్ని ఇప్పిచ్చి చూస్తుండు."

పరీక్ష అయ్యాక డాక్టర్ మా ఇద్దరినీ తన గదిలో కూర్చోబెట్టి స్క్రీన్ చూపించాడు. ఎడమవైపు నాళాలు రెండింటిలో ఒకటి అరవై నాలుగు, ఇంకొకటి డెబ్బై ఒకటి. రెండింటికీ బైపాస్ తప్పదు. కుడివైపు నాళం తొంభై మూడు.

"తొంభై మూడా!" అన్నాను. పాపకు వచ్చిన మార్కులు విన్నట్టే సంబరపడ్డాను. "అయితే అది బాగున్నట్టే కదా డాక్టర్ గారూ?"

నాయిన మాత్రం స్క్రీన్ మీద అడ్డుకు ముందు, దాటాక ప్రెషర్ చూపిస్తూ ఒకదాన్నొకటి ఆనుకుని నడుస్తున్న రెండు గీతలను చాలాసేపు చూశాడు.

"సారూ, ఫొటోల అదే అన్నిటికంటె సన్నగుండె. మందిచ్చినా ప్రెషర్ దిగలేదంటె... దాని కింది ఇండ్లల్ల నల్లాలు తిప్పెటోళ్లు ఉన్నరా, లేరా?"

డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే చెప్పబోతున్నాను. ఎకో స్కానింగ్‌లో చూస్తే గుండె కింది గోడ కదలడం లేదు. ఇదివరకే ఒకసారి గుండెపోటు వచ్చి పోయింది. అక్కడి కండ చాలావరకు చచ్చిపోయింది. దానికిప్పుడు రక్తం పెద్దగా అక్కర్లేదు, అందుకే ప్రెషర్ అంత బాగుంది. అక్కడ బైపాస్ వేసినా ఉపయోగం లేదు. ఎప్పుడైనా ఛాతీలో మంట, చెమటలు, వాంతి వచ్చినట్టుండటం... గుర్తుందా?"

"యాదికి లేదు సారూ" అన్నాడు నాయిన.

నాకు ఉంది.

అంతకుముందు వానాకాలం. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. నాయిన పాపను భుజం మీద ఎక్కించుకుని, బడి నుంచి నడిచి, మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. నేను ఇంట్లోనే ఆఫీసు మీటింగులో ఉన్నాను. తలుపు తీయగానే నా నోట్లోంచి వచ్చిన మాట, "అయ్యో, పిల్లను తడిపినవా? మొన్ననే జ్వరం తగ్గింది కదా నాయినా!" టవల్ తెచ్చి పాప తల తుడుస్తూ కూర్చున్నాను. ఆయన చెప్పుల స్టాండ్ పక్కన గోడకానుకుని కూలబడ్డాడు. వాన నీళ్లతో పాటు చెమట కూడా కారుతోందని నాకు తెలియలేదు. దవడ గుంజుతోందని, కడుపులో తిప్పుతోందని అన్నాడు.

"పొద్దున మిర్చి బజ్జీలు తిన్నవు కదా, గ్యాసే" అన్నాను. గ్యాస్ పొడి నీళ్లలో కలిపి చేతికిచ్చి మళ్లీ ల్యాప్‌టాప్ ముందుకు పోయాను. ఆయన రెండు రోజులు మంచం దిగలేదు. వానకు తడిసినందుకు అనుకున్నాను. మూడో రోజు లేచి, పాప బ్యాగు భుజానికి తగిలించుకుని మళ్లీ బయల్దేరాడు.

డాక్టర్ గది బయట వరండాలో ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నాయినా, నిజం చెప్పు. ఎప్పుడు?"

"ఎప్పుడైతే ఏంది బిడ్డా? రెండు నాళాలున్నయి కదా, వాటిని చేపిద్దాం." రెండడుగులు వేసి ఆగాడు. "ఆ వాన పడ్డ దినం అయితే కాదు."

నేను వాన సంగతి ఎత్తనే లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రెండు దారుల్లో రక్తం చక్కగా పారుతోందని చెప్పారు. కానీ చచ్చిన భాగం చచ్చినట్టే ఉంటుందని, ఇక మీద గుండె మునుపటంత పని చేయదని, మెట్లు వద్దని, బరువులు అసలే వద్దని అన్నారు. కర్మన్‌ఘాట్‌లో కింది అంతస్తు పోర్షన్ కిరాయికి తీసుకుని మారాం. పాప రెండు చేతులు చాపి "తాతా, ఎత్తుకో" అంటే, ఆయన కుర్చీలో కూర్చుని, "నువ్వే ఎక్కు, నేను ముసలి బండిని" అంటాడు. అది ఎక్కబోతుంటే నేను పరుగెత్తి దించుతాను. అప్పుడు ఇద్దరూ ఒకేలా నావైపు చూస్తారు.

పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఇవాళ ఈ ఏడాది మొదటి పెద్ద వాన పడింది. పాపను బడి నుంచి నేనే తెచ్చాను. ఆటో దిగేసరికి గేటు దగ్గర నాయిన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగంతా పాప మీదికి వంచి, తను తడుస్తూ లోపలికి నడిచాడు. నేను టవల్ తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను. మొహంలో చెమట ఉందా అని వెతుకుతున్నాను. వాన నీళ్లలో ఏమీ తేలలేదు.

"నొప్పేమైనా ఉందా నాయినా?"

"నాకేంది బిడ్డా" అన్నాడు. "ముందు పిల్ల తల తుడువు."