వియ్యంకుడి ఇంటిపేరు ముందు ‘ఓ’

మా అమ్మాయి పెళ్లికి పంతులుగారు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. ప్రవర చెప్పడానికి పెళ్లికొడుకు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు కావాలన్నారు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అనేయవచ్చట. ముత్తాత విషయంలో అలాంటి సర్దుబాటు లేదట.

పెళ్లికొడుకు ఇంగ్లండు కుర్రవాడు, ఇక్కడి సైన్స్ పార్కులో మా అమ్మాయితో పనిచేస్తాడు. ముత్తాత పేరు అతనికి తెలియదు. వాళ్ల నాన్నకూ, అంటే మా వియ్యంకుడికీ తెలియదు. సొంత తాత పేరు తెలియని మనిషిని నేను చూడడం అదే మొదలు.

“జస్ట్ పుట్ ఎనీ నేమ్ లా, అమ్మా,” అంది మా అమ్మాయి, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి యాసలో. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు, నిజమే. ఆ వెయ్యిలో తాతను మార్చెయ్యడం కూడా ఉందని నేనెక్కడా వినలేదు. నాకు ఒళ్లు మండింది.

వియ్యంకుడు పెళ్లికి ముందే ఇంగ్లండు నుంచి వచ్చి, మేముండే హౌగాంగ్ పేటలో మా ఫ్లాట్‌లోనే దిగారు. కూర్చోబెట్టి అడిగాను. తాత ఊసు వాళ్ల నాన్న ఇంట్లో ఎత్తనిచ్చేవారు కాదట. మేం మొదటినుంచీ ఇంగ్లీషువాళ్లమే అనేవారట. “చాలా ఏళ్లుగా వెతుకుతున్నాను. ఎవరి మనవణ్ణో తెలియకుండానే పోతానేమో,” అన్నారు టీ కలుపుకుంటూ.

లాప్‌టాప్‌లో ఇంగ్లండు పాత జనాభా లెక్కలు తెరిచారు. వాళ్ల నాన్న పుట్టిన వీధిలో వాళ్ల ఇంటిపేరు గలవాళ్లు ఎవరూ లేరు. కాస్త కిందికి చూస్తే అదే ఇంటిపేరు, ముందు ఒక ‘ఓ’తో కనిపించింది. ఇంటి యజమాని రేవులో మూటలు మోసే కూలీ అని రాసి ఉంది.

“ఇదిగో, మీ నాన్నగారి పేరే. నెలల పిల్లాడు.”

“మా పేరులో ఓ లేదు. వీళ్లు వేరే.”

“అది ఇనిషియలండీ. ఊడిపోతూ ఉంటుంది. నా పాస్‌పోర్టులో నాదీ ఊడిపోయింది.”

ఓరుగంటి లాంటి ఇంటిపేరేదో అయివుంటుందని నా ధీమా. ఆయన మాత్రం తెర మీద ఆ అక్షరాన్ని పెద్దది చేసి చూశారు. ఐరిష్ పేర్లకు ముందు అలా ఉంటుందని చెప్పారు. ఐరిష్ వాళ్లకు పని ఇచ్చేవారు కాదని వాళ్ల నాన్న చెబుతుండేవారట, ఎదురింటివాళ్ల సంగతి చెప్పినట్టు.

ఆ ఓ పట్టుకుని ఇంకా పాత లెక్కల్లోకి వెళ్లాం. ఆ ఇంటి యజమాని, అంటే వియ్యంకుడి తాతే, అక్కడ ఐదారేళ్ల పిల్లవాడిగా అమ్మానాన్నలతో ఉన్నాడు. ముగ్గురూ పుట్టింది ఐర్లాండులో. ఆ పేరును వియ్యంకుడు గొంతు తగ్గించి రెండుసార్లు చదువుకున్నారు.

“ఇంతకీ ఓ అంటే ఏమిటండీ?”

“మనవడు,” అన్నారు. “ఫలానావారి మనవడు.”

పొట్టకూటి కోసం వాళ్ల నాన్న పేరులోంచి కొట్టేసుకున్నది ఆ మాటనే. ఆ పెద్దమనిషి మీద నాకు కోపం రావాలి. జాలేసింది.

పెళ్లిలో పేర్లు తెలుగులో రాసిచ్చాను. “ఈ ఓ ఏమిటమ్మా, పిలుపా? తీసేద్దామా?” అన్నారు పంతులుగారు.

“తీసెయ్యకండి. ఇప్పటికే ఒకసారి తీసేశారు.”

ప్రవర మూడుసార్లు చెప్పారు. రేవులో మూటలు మోసిన ఆ తాతగారి పేరు చివర శర్మ కూడా తగిలించారు. నేను అడ్డు చెప్పలేదు. మూడోసారికి వియ్యంకుడు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నారు. పంతులుగారు మంత్రం ఆపారు.

“ఆయనకేమైందమ్మా?”

“ఏంలేదు పంతులుగారూ. మీరు మనవణ్ణి పిలిచారు, ఆయన పలికారు. కానివ్వండి.”