చెప్పులు కుట్టబడవు

మా ముత్తాత సంస్థానం గుర్రపుశాలకు దరోగా. దొరవారి గుర్రాలన్నీ ఆయన చేతికింద ఉండేవి. ఏ గుర్రం ఎప్పుడు మేయాలో, ఏ గుర్రం ఎవరెక్కాలో ఆయన చెప్పాల్సిందే. మా తాతకు ఆ ఉద్యోగం లేదు గానీ ఒక గుర్రం ఉండేది. మా నాన్నకు గుర్రం లేదు గానీ లూనా ఉండేది. ఆ లూనా మీద కూడా నాన్న గుర్రం మీద కూర్చున్నట్టే, నిటారుగా, గడ్డం పైకెత్తి అమరచింత బజారులో పోతుంటే వెనక లారీవాడు హారను కొట్టడానికి మొహమాటపడేవాడట (ఇది నాన్న చెప్పిన మాట, లారీవాళ్ళను ఎవరూ అడగలేదు). మా వంశంలో ఆస్తి తరతరానికీ తగ్గుతూ వచ్చింది గానీ వెన్ను మాత్రం ఎవరిదీ వంగలేదు. "కిందవడ్డ రూపాయి కోసం వంగెటోడు మనింటోడు కాదు" అనేది నాయనమ్మ. అట్లా మేము వంగక వదిలేసిన రూపాయలు ఎవరు ఏరుకున్నారో తెలియదు. నాకు ఇరవై ఏడేళ్ళు వచ్చిన ఆ రోజుల్లో మాత్రం మాకు మిగిలినవి పెద్దింటి ముందున్న కచేరీ గది, దాని వెనక నేనూ చిన్నాయనా ఉండే రెండు చిన్న గదులు, కచేరీ గోడకు వేలాడే ముత్తాతగారి జీను.

అంతకుముందు ఐదేళ్ళు నేను బెంగళూరులో తోలు సంచులు చేసే ఒక కార్ఖానాలో పనిచేశాను. ఊళ్ళో మాత్రం ఎగుమతి కంపెనీ అనే చెప్పుకున్నాం. తోలును కొలిచి కోయడం, ఆరెతో వరసగా రంధ్రాలు పొడవడం, మైనం పూసిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఒకటి ఇటునుంచీ ఒకటి అటునుంచీ దూర్చి కుట్టడం అక్కడే నేర్చుకున్నాను. ఆ కుట్టు ఒకచోట తెగినా మిగతాది ఊడదు. మా వంశంలో అంత గట్టిగా నిలిచిన వస్తువును నేనంతవరకు చూడలేదు కాబట్టి దాని మీద ప్రేమ పుట్టింది. కార్ఖానా మూతపడగానే రెండు తోలు చుట్టలు, ఒక పనిముట్ల పెట్టె తీసుకుని కొత్తకోటలో బస్సు దిగి, అక్కడినుంచి ఇంకో బస్సెక్కి ఇల్లు చేరాను. కచేరీ గదిలో తోలుపని నేర్పే బడి పెడుతున్నానని ఆ సాయంత్రమే ప్రకటించాను.

చిన్నాయన పడక్కుర్చీలోంచి లేచాడు. ఆయన కూర్చున్నా నిలబడ్డా వెన్నులో పెద్ద తేడా ఉండదు కాబట్టి కోపమొచ్చిందని మాటతోనే తెలిసింది.

"తోలు పనా? దరోగాల ఇంట్లనా?"

"దరోగాల గుర్రాలకు జీనులు దేనితోని జేసిండ్రు చిన్నాయనా? గద్వాల పట్టుతోనా?"

"జీను ఎక్కెటోడు వేరు, కుట్టెటోడు వేరు రా."

"ఎక్కనీకి గుర్రం లేదు గద. నేను కుట్టెటోన్నయిత."

ఆయన కాసేపు జీను వైపు చూశాడు. అసలు సంగతేమంటే, ఆ గదిని మొబైల్ ఫోన్ల దుకాణానికి అమ్మడానికి కొత్తకోట సేటుతో అప్పటికే మాట నడుస్తోంది. "దసరా దాంక జూస్త" అన్నాడు చివరికి. "పదిమంది నిలవడి నేర్చుకుంటే గది నీది. లేకుంటే సేటుది. గా తోలు లోపల ఉన్నన్ని రోజులు నేనైతే గా గడప తొక్క." మా ఇంట్లో కాగితాలు రాసుకునే అలవాటు లేదు. ఇద్దరమూ గడ్డాలు పైకెత్తాం, అదే ఒప్పందం. ఆనాటినుంచి ఆయన రాకపోకలన్నీ వెనక వాకిలినుంచే.

బడి తెరిచాను. ద్వారానికి పరదా కట్టాను. తోలుపని వంగి చేసే పని అని అందరికీ తెలుసు. కుట్టేవాడు మోకాళ్ళ మధ్య చెక్క పట్టు బిగించుకుని దాని మీదికి వంగుతాడు. నేను వంగను కదా! అందుకని వడ్లాయనతో ఛాతీ ఎత్తున బల్ల చేయించి, దాని మీద పట్టు బిగించి, నిలబడి, సూదులు కళ్ళ ఎదుట తిప్పుతూ కుట్టడం మొదలుపెట్టాను. బయట బోర్డు నేనే రాశాను: "ఇచ్చట తోలు కళ నేర్పబడును. చెప్పులు కుట్టబడవు." రెండో వాక్యం మొదటిదానికంటే పెద్ద అక్షరాలతో ఉండేది.

మొదటి రెండు నెలల్లో ముగ్గురంటే ముగ్గురు చేరారు. ఒకరు రిటైరైన హెడ్‌మాస్టరు గారు; ఇంట్లో ఉంటే మనవళ్ళకు ఎక్కాలు చెప్పమంటున్నారని వచ్చారు. రెండో మనిషి గద్వాల అక్క. మగ్గాల ఇంటి ఆడపడుచు. మిగిలిపోయిన చీరె అంచులను తోలుకు కలిపి సంచులు చేయాలని, జూరాల మీదుగా బస్సులో వచ్చేది. మూడో మనిషి మా ఊరి పిల్లే, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంది. ఆమెకు నేను మనసులో పెట్టుకున్న పేరు ఎదురుమాట. మొదటిరోజే నా ఎత్తు బల్లనూ, నా నిలువునూ చూసి గద్వాల అక్క చెవిలో (నాకు వినపడేట్టు) "సారు కుట్టు నేర్పిస్తుండా, దేవునికి హారతిస్తుండా?" అంది. ఇంకో రోజు గోడమీది జీను కింద నిలబడి తీరిగ్గా అంది:

"దీన్ని మా తాతలే కుట్టిండ్రంట సార్. మా ముసల్ది చెప్పింది. మావోళ్ళు కుట్టిన్నాడు మీ గడప అవతల్నే నిలవెట్టిండ్రంట. ఇయ్యాల నేను ఫీజు గట్టి లోపలికొచ్చి మీతాన నేర్చుకుంటున్న. చూసిండ్రా, జమానా!"

అని నా చేతిలోంచి ఆరె తీసుకుని పనిలో పడింది.

ఇక ఊరి సంగతి. ఊళ్ళో చెప్పులు కుట్టేవాళ్ళ పిల్లలు చదువుకుని ఉద్యోగాలకు పోయారు, పెద్దవాళ్ళు పని మానుకున్నారు. తెగిన చెప్పుకు దిక్కులేని ఊళ్ళో తోలుపని తెలిసిన ఒక్క మనిషి, బోర్డు పెట్టుకుని మరీ కూర్చున్నాడు. జనం బోర్డును చదివారు. చదివి, నమ్మలేదు. "గది ఊకె రాసిండు లే, పెద్దింటోడు గద, జర షరమైతుండొచ్చు" అని వాళ్ళకు వాళ్ళే సర్దిచెప్పుకుని, సంచుల్లో తెచ్చిన చెప్పులను నా గడప ముందు పెట్టి, "సారూ, మళ్ళొస్త, జర జూడు!" అని పరదా బయటినుంచి కేకేసి, నేను నోరు తెరిచేలోపు వెళ్ళిపోయేవాళ్ళు. వెంటబడి తిరిగి ఇద్దామంటే వంగి వాటిని ఎత్తాలి. అది జరిగే పని కాదు. అట్లా రైతుల మందపాటి చెప్పులు, ఆడవాళ్ళ చెప్పులు, పిల్లల బడి బూట్లు నా గడప ముందు పేరుకుపోతూ వచ్చాయి.

వినాయక చవితి వెళ్ళిన వారానికి చిన్నాయన చెప్పకుండా సేటును వెంటబెట్టుకుని వచ్చాడు. లోపల మేం నలుగురం. గడప తొక్కనన్న మాట ఉంది కాబట్టి ఆయన పరదా కూడా ఎత్తలేదు. మర్యాదస్థుల ఇంట ఎంతమంది ఉన్నారో తెలుసుకునే పాత పద్ధతి ఆయనకు తెలుసు: గడప బయట చెప్పులు లెక్కపెట్టాడు.

"జూసినవా సేటూ! నిలవడనీకి జాగ లేదు! అగో, ఆడోళ్ళు గూడ వస్తుండ్రు."

"చిన్నపోరగాండ్ల బూట్లున్నయి గద దొరా?"

"పోరగాండ్లకు గూడ నేర్పిస్తుండు మావోడు!" చిన్నాయన గొంతులో అంత గర్వం నేను పదో తరగతి పాసైనప్పుడు కూడా వినలేదు.

"మరి గీ ఒంటి చెప్పేంది?"

"రెండోది కుక్క ఎత్కపోయుంటది. కుక్కలకు గూడ ఎర్కైంది, ఈడ క్లాసు నడుస్తున్నదని!"

సేటు దసరా ముందురోజు మళ్ళీ వస్తానని, అప్పటికీ ఇట్లాగే ఉంటే వేరే గది చూసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. నేను నిజం చెప్పడానికి బయటికి కదలబోతే హెడ్‌మాస్టరు గారు చెయ్యి పట్టుకున్నారు. "కూసో నాయనా. ముసలాయన గింత సంబరపడుతుంటే మధ్యల పోయి ఏం జేస్తవు?"

"మా ఇంట్ల అబద్ధమాడే ఆచారం లేదు సార్."

"అబద్ధం మీరేడ ఆడిండ్రు?" అంది ఎదురుమాట. "మీ చిన్నాయన లెక్క తప్పిండు, గంతే."

ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు. అయితే మా వంశంలో పుట్టినవాడికి ఒక సౌకర్యముంది: తలవంచుకుని క్షమాపణ చెప్పడానికి వెన్ను సహకరించదు కాబట్టి, ఇంకో దారి వెతకక తప్పదు. జరిగిపోయిన అబద్ధాన్ని దసరాలోపు నిజం చేయాలి. గడప ముందున్న ప్రతి జతకూ లోపల ఒక మనిషి ఉండాలి. బోర్డు తీయించి, "చెప్పులు కుట్టబడవు" కింద ఇంకో వాక్యం చేర్చాను: "కుట్టుకొనుట నేర్పబడును."

మొదట దొరికినవాడు మా ఊరి చివర ఉండే ఒక రైతు. సాయంత్రం వచ్చి "ఐందా సారూ?" అన్నాడు.

"కాలే. లోపలికి రా. నువ్వే కుట్టుకుంటవు."

"నేనెట్ల కుడ్త? నాకు రాదు."

"రాదు గనకనే రమ్మంటున్న."

ఫీజు చెప్పాను. అతను నన్నొకసారి, చెప్పులనొకసారి చూశాడు. "గిదేంది సారూ, చెప్పులకన్న కుట్టు పిరమున్నది!"

"చెప్పులు మళ్ళ తెగుతయి. నేర్చుకున్నది తెగదు." (ఈ మాట నాకే ఎంతో నచ్చి, తర్వాత వచ్చినవాళ్ళందరికీ అప్పుడే తట్టినట్టు చెప్పాను.) అతను గొణుక్కుంటూ కూర్చున్నాడు. చీకటి పడేసరికి వంకరటింకరగా ఒక వరస కుట్టి, చెప్పు తొడుక్కుని, గది ఈ చివరినుంచి ఆ చివరికి పెళ్ళికొడుకులా నడిచాడు. మర్నాడు బావమరిదిని తీసుకొచ్చాడు. ఆపైన పిల్లల బూట్ల కోసం తల్లులు వచ్చారు, టిక్కెట్ల సంచి పట్టీ తెగిందని కండక్టరు వచ్చాడు. బల్ల చాలక అందరూ చాపల మీద కూర్చున్నారు. గద్వాల అక్క దారానికి మైనం పూయడం నేర్పేది, ఎదురుమాట ఆరె పట్టడం నేర్పేది. నేను మధ్యలో నిలువునా నిలబడి "బాగుంది, బాగుంది" అనేవాణ్ణి. పైనుంచి చూస్తే నిజంగానే బాగుండేది.

దసరా ముందురోజు రానే వచ్చింది. మర్నాడు జమ్మికి పోవడానికి చెప్పులు తయారు కావాలని ఆ పొద్దున అందరూ ఒకేసారి వచ్చి కూర్చున్నారు. గది నిండిపోయింది. కొత్తగా నేర్చినవాళ్ళు సూది గుచ్చేటప్పుడు ఊపిరి బిగబడతారు. అంతమంది ఉన్నా గదిలో చప్పుడు లేదు. అంతలో బయట చిన్నాయన గొంతు వినపడింది.

"ఏంది సేటూ... ఒక్క జత గూడ లేదు?"

ఉండవు కదా! పాత ముగ్గురితో సహా ఎవరి చెప్పులు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి.

"పొయ్యిండ్రు" అన్నాడు చిన్నాయన. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. గొంతు మాత్రం బాగా కిందికి దిగింది. "అందరు పొయ్యిండ్రు. మావోనికి ఒకల్లను బతిలాడుడు రాదు సేటూ. మా ఇంట్ల ఎవ్వనికి రాదు. ఏం జేస్తం... తాళం పొద్దుమీకి ఇస్త."

ఆ క్షణాన ఒక్క కేక వేస్తే చాలు. నా రెండు చేతుల్లో రెండు సూదులున్నాయి, గొంతులో ముత్తాత అడ్డం పడ్డాడు. గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. ఎదురుమాట నన్నొక చూపు చూసి లేచి, పరదా సర్రున లాగింది.

"ఓ కాకా! చెప్పులేం లెక్కవెడ్తవు? లోపలికొచ్చి తలకాయలు లెక్కవెట్టు!"

చిన్నాయనను పుట్టిన దగ్గర్నుంచి ఆమె వాడవాళ్ళు దొరా అన్నవాళ్ళే. కాకా అన్నవాళ్ళు లేరు. ఆ దెబ్బకు తన ఒట్టు సంగతి మరిచిపోయి, చెప్పులు విడిచి, గడప దాటి లోపలికి వచ్చేశాడు. పెద్దమనిషి వచ్చాడని గదిలోవాళ్ళంతా గౌరవంగా లేచి నిలబడ్డారు, చేతుల్లో చెప్పులతో. ఊరు ఊరంతా చెప్పు పట్టుకుని లేస్తే ఎంతటి దరోగా వంశమైనా తగ్గాల్సిందే. చిన్నాయన ఒకడుగు వెనక్కి వేశాడు. మా రైతు కంగారుగా "కొట్టనీకి గాదు దొరా, కుట్టుకోనీకి!" అన్నాడు. గది పగిలిపోయేట్టు నవ్వారు. చిన్నాయన ఒక్కొక్కరినీ చూస్తూ పోయాడు. పది దాటాక లెక్కపెట్టడం ఆపేశాడు. పరదా దగ్గర నిలబడ్డ సేటు వైపు తిరిగి, గడ్డం పైకెత్తి, "గది లేదు సేటూ. ఈడ క్లాసున్నది" అన్నాడు.

నేను గడప దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు బయట ఒక్కటే జత, చిన్నాయనది. ఒకప్పుడు ఆ చెప్పులు కిర్రుమంటే బజారులో జనం పక్కకు తప్పుకునేవాళ్ళు. చాలాకాలంగా ఆ చప్పుడే వినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కుడి చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి నడుస్తున్నాడు.

వంగాను. వెన్ను కిర్రుమంది. రెంటినీ ఎత్తుకొచ్చి చాప మీద పెట్టి "కూసోండ్రి చిన్నాయనా" అన్నాను.

"నేనా?"

"ఫీజు గట్టినంకనే" అంది ఎదురుమాట.

ఇప్పుడు ఆమె వనపర్తిలో సొంతంగా బడి నడుపుతోంది. నా శిష్యులకంటే ఆమె శిష్యులే ఎక్కువ. గద్వాల అక్క సంచులు పెళ్ళిళ్ళలో చీరెలతో పాటు పెడుతున్నారు. చిన్నాయన కడదాకా తన చెప్పులు తానే కుట్టుకున్నాడు, అదీ చాప మీద వంగి. నా ఛాతీ ఎత్తు బల్ల కాళ్ళు సగానికి కోయించాను. కొత్తగా వచ్చినవాళ్ళు దానికి అంత లావు కాళ్ళెందుకని అడుగుతుంటారు. ఒకప్పుడు దాని ముందు కొయ్యలా నిలబడి సూదులు తిప్పిన కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వి ఊరుకుంటాను. వాడి మీద నాకిప్పటికీ ఇష్టమే.

జీను లేదు. ఆ మరుసటి వానాకాలం కచేరీ గది కప్పు కురిస్తే, బాగుచేయించడానికి అమ్మేశాం. కొత్తకోట దగ్గర హైవే మీది ధాబావాళ్ళు కొన్నారు. కౌంటరు పైన గోడకు తగిలించారు.