ఇద్దరూ ఒప్పుకోవాల్సిన పాట

చిన్న సినిమాల వాళ్లు నన్ను చాలా ఆలస్యంగా పిలుస్తారు. షూటింగ్ అయిపోయి, ఎడిటింగ్ అయిపోయి, సినిమాను ఎవరో కొనుక్కున్నాక, కొన్నవాళ్లు "ఇందులో ఈ పాట ఎవరిది?" అని అడిగినప్పుడు నేనొకదాన్ని ఉన్నానని వాళ్లకు గుర్తొస్తుంది. నా పనిని మ్యూజిక్ సూపర్‌వైజర్ అంటారు. నేను పాట కట్టను, పాడను. ఏ సన్నివేశానికి ఏ పాట నప్పుతుందో వెతుకుతాను. ఆ పాట ఎవరిదో కనుక్కుని, వాళ్ల దగ్గరికి వెళ్లి ఒప్పించి, సంతకాలు తెస్తాను.

ఆ వానాకాలం నన్ను పిలిచినతను కడప నుంచి వచ్చిన యువ దర్శకుడు. అది అతని మొదటి సినిమా. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో వేరేవాళ్ల పాపను చూసుకునే అమ్మాయి కథ. చివర్లో ఆ అమ్మాయి పని మానేసి వెళ్లిపోతుంది. వెళ్లేముందు పాపను జోకొడుతూ ఒక పాట పాడుతుంది. పాప నిద్రపోయాక తలుపు దగ్గరికి వేసి లిఫ్ట్‌లో కిందికి దిగుతుంది. లిఫ్ట్ దిగుతున్నంతసేపూ ఆ పాట చివరి చరణం వినిపిస్తుంది. సినిమా అక్కడితో అయిపోతుంది.

పాట ఒక భార్యాభర్తలది. మాదాపూర్ కేఫ్‌లలో ఆమె పాడేది, అతను గిటార్ వాయించేవాడు. మాటలూ బాణీ ఇద్దరూ కలిసే కట్టేవారు. ఈ పాటను మాత్రం ఎక్కడా పాడలేదు, ఇంట్లో రికార్డు చేసి పెట్టుకున్నారు. ఆమె స్నేహితురాలి ద్వారా దర్శకుడు విన్నాడు, ఫోన్ చేసి అడిగాడు, ఆమె సరేనంది. కాగితం మీద ఎవరూ ఏమీ రాసుకోలేదు. ఆ ఫోను తర్వాత కొన్నాళ్లకే ఆ ఇద్దరూ విడిపోయారు. ఆ సంగతి దర్శకుడికి తెలియదు.

"రేపు సాయంత్రానికి ఫైళ్లు పోవల్ల అక్కా," అన్నాడతను. "పాట రాసినోళ్లందరి సంతకాలూ ఉండల్లంట. లేకుంటే కొన్నోళ్లు సినిమా తీసుకోమంటాండారు."

ఆమె పుప్పాలగూడలో పుట్టింటివాళ్లతో ఉంటోంది. ఆ ఊరివాళ్లే. వాళ్ల వీధి చివర పాత పెంకుటిల్లు ఒకటి మిగిలి ఉంది గానీ చుట్టూ అన్నీ అంతస్తుల మీద అంతస్తులు. ఆమె నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. కాగితం చదవలేదు.

"యాడ పెట్టాల్నో చూపెట్టుండ్రి అక్కా."

సంతకం పెట్టి కాగితం నావైపు తోసింది. మీవారి సంతకం కూడా కావాలన్నాను.

"గది మీరే అడగాలె. నేను అడగ."

"ఆయన ఒప్పుకుంటారా?"

ఆమె కిటికీ వైపు చూసింది. "తెల్వదు. కానీ ఆ పాట బయటికి రావాలె అక్కా. ఎవరన్న ఇనాలె. ఎవ్వరు ఇనకుంట అట్లనే ఉండిపోతె ఎట్ల?"

పాడినవాళ్లందరూ అనే మాటే అనుకున్నాను. లేచి వచ్చేశాను.

ఆమె భర్త హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. రాజమండ్రి వైపు మనిషి. మెడలో ఐడీ కార్డుతో లాబీలోకి దిగి వచ్చాడు. నన్ను ఫుడ్ కోర్టుకు తీసుకెళ్లి, అడగకుండానే కాఫీ తెచ్చాడు. చుట్టూ మధ్యాహ్నం భోజనాల హడావుడి. నేను కాగితం బల్ల మీద పెట్టాను. అతను కింద ఉన్న ఆమె సంతకం చూశాడు. దాని మీద నుంచి చూపు తిప్పుకోలేదు.

"ఇంత దూరం వచ్చారు, కాఫీ తాగి వెళ్లండి. సంతకం మాత్రం పెట్టనండి."

"మీ పేరు ముందు వేయమంటే ముందే వేయిస్తాను. ఇంకేమన్నా మార్చాలంటే..."

"పేరు కోసం కాదండి."

"మరి ఎందుకో చెప్తే..."

"ఆవిడ చెప్పలేదా మీకు?"

లేదన్నాను. అతను కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "అయితే నేనూ చెప్పనండి. ఆ పాట తీసేయమనండి వాళ్లని."

లిఫ్ట్ వైపు నడిచి వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. కోపంగా ఉన్న మనిషిని బతిమాలవచ్చు. అతనికి కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

బయట వాన మొదలైంది. కారు ఫ్లైఓవర్ మీద ఇరుక్కుపోయి ఉండగా దర్శకుడికి చెప్పాను.

"ఆ యమ్మ సంతకం ఉండాది కదక్కా," అన్నాడు. "మాటలూ బాణీ అన్నీ ఆ యమ్మవే అని రాసేద్దాం. ఆయన ఊరికే గిటార్ వాయించినాడని చెప్దాం. ఎవరడగొచ్చినారు?"

"నేను రాయను."

"అక్కా, నీకు అర్థం కాలేదు. ఇది పోతే నాకు ఇంకో సినిమా లేదు. మా ఊర్లో ముఖం చూపించలేను."

"అర్థమైంది. అయినా రాయను. అబద్ధం రాయాలంటే ఇంకెవరినైనా పెట్టుకో, నేను తప్పుకుంటాను."

ఫోన్ పెట్టేశాడు. పాట మార్చేద్దామంటే హీరోయిన్ పెదవులు ఆ మాటలే పలుకుతున్నాయి. ఆ పెదవులకు సరిపోయేలా వేరే మాటలు రాయించి, వేరే అమ్మాయితో పాడించి చూడమని నాకు తెలిసిన ఒకరికి పురమాయించాను. గంటలో పంపారు. సరిపోయింది, కానీ వింటుంటే ఎవరిదో చొక్కా ఎవరికో తొడిగినట్టుంది.

చీకటి పడకముందే పుప్పాలగూడకు ఫోన్ చేశాను. "మీరు నాకు చెప్పారా అని అడిగారాయన. ఏంటో చెప్పలేదు," అన్నాను.

టీవీ చప్పుడు వినిపించింది. ఆమె వేరే గదిలోకి వెళ్లినట్టుంది, ఆ చప్పుడు ఆగిపోయింది.

"నాకు ఏడో నెల నడుస్తున్నప్పుడు కట్టినం అక్కా ఆ పాట. ఇద్దరం కూసొని. ఆడపిల్లనే అని మేమే అనుకున్నం, పేరు గూడ పెట్టుకున్నం. ఆఖరి చరణంల ఆ పేరే ఉంటది."

ఆ చరణం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట వెన్నెలను గురించి అనుకున్నాను.

"పాప కడుపులనే పోయింది," అంది. "దవాఖాన నుంచి వచ్చినంక నాకు ఆ పాటనే నోట్లకొచ్చేది. వంట చేస్తుంటె, బట్టలు ఆరేస్తుంటె. నేను పాడితె ఆయన బయటికి పోయెటోడు. పాడకు అని ఒక్కనాడు అనలే. బయటికి పోయెటోడు, అంతే. నేను పాడకుంట ఉండలేకపోయిన. ఆయన ఇనలేకపోయిండు. గట్లనే... ఇగ ఒకనాడు రాలే."

ఆయనకు ఒక మెసేజ్ పెట్టనా, నాకు తెలిసిందని చెప్పనా అని అడిగాను. చెప్పమంది, మర్నాడు మిక్సింగ్ గదికి తనూ వస్తానంది. అతనికి ఇలా రాశాను: నాకు తెలిసింది. సంతకం అడగను. పాట తీసేసే ముందు సినిమాలో అది ఎలా ఉందో మీరు ఒకసారి చూడాలనుకుంటే రేపు మధ్యాహ్నం మాదాపూర్‌లో మిక్సింగ్ గదికి రండి. ఆవిడా వస్తారు. మీరు ఏం చెబితే అదే చేస్తాను.

జవాబు రాలేదు.

మర్నాడు ఆమె ముందు వచ్చింది. దర్శకుడు నాతో మాట్లాడకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సౌండ్ ఇంజినీర్ తన కుర్చీలో ఊరికే బటన్లు తుడుస్తున్నాడు. ఇక రాడని నేను అనుకుంటుండగా తలుపు తెరుచుకుంది. తడిసిన బూట్లు బయట విడిచి అతను లోపలికి వచ్చాడు. సోఫాకు ఆ చివర ఆమె, ఈ చివర అతను. మధ్యలో నేను కూర్చోవాలో వద్దో తెలియక నిలబడే ఉన్నాను.

తెర మీద గది, మంచం, పాప. హీరోయిన్ పెదవులు కదిలాయి, పుప్పాలగూడ గొంతు పలికింది.

*వాన వచ్చి తలుపు కొడితే*
*నేను పోయి తీస్తలే*
*గాలి వచ్చి నిన్ను అడిగితే*
*నిద్రపోయెనంటలే*

అతను మోకాళ్ల మీద చేతులు బిగించి కూర్చున్నాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి, చివరి చరణం మొదలైంది.

"ఆపండి," అన్నాడతను.

ఇంజినీర్ ఆపాడు. దర్శకుడు నోరు తెరవబోతే తల అడ్డంగా ఊపాను.

భర్త ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "ఆ పేరు అందరూ వినాలా?"

"ఎవ్వరు ఇనకుంటె ఆమె లేనట్టే అయితది," అంది ఆమె. "నువ్వు ఆమె ముచ్చటనే తియ్యవు. ఇంట్ల ఎవ్వరు తియ్యరు. నేనొక్కదాన్నే మోయాల్నా?"

"నేను తలవట్లేదని ఎవరు చెప్పారు నీకు?"

ఆమె అతని వైపు తిరిగింది.

"రోజూ అనుకుంటాను," అన్నాడు. "బస్సులో, ఆఫీసులో. లోపలే. బయటికి అంటే నావల్ల కాదు. ఎవరో తెలియనివాళ్లు భోజనం చేస్తూ టీవీలో ఆ పేరు వింటారనుకుంటే... నావల్ల కాదు."

ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. ఎంతసేపో ఏడ్చింది. అతను కదల్లేదు గానీ అతని కళ్లూ కారుతున్నాయి. మేం ముగ్గురం ఎక్కడ చూడాలో తెలియక ఆగిపోయిన తెర వైపు చూశాం.

ఆమె ముఖం తుడుచుకుని నాతో అంది. "అక్కా, ఆ ఆఖరి చరణం తీసెయ్యండి. మిగతాది ఉండనియ్యండి." తర్వాత అతనితో, "సరేనా?" అంది.

అతను తల ఊపాడు.

"చరణం తీసేస్తే లిఫ్ట్ సీనంతా ఖాళీ అయిపోతాదక్కా!" దర్శకుడు ఇక ఆపుకోలేకపోయాడు. "నా సినిమా ముగింపే అది!"

"ఒకసారి తీసి చూద్దాం," అన్నాను. "నచ్చకపోతే పాట మొత్తం తీసేయడం తప్ప దారి లేదు."

ఇంజినీర్ చరణం తీసేసి మళ్లీ వేశాడు. జోలపాట రెండో చరణంతో ఆగింది. లిఫ్ట్ దిగుతోంది. మోటారు సన్నని రొద, తీగల కీచు, హీరోయిన్ ఊపిరి. చివర్లో తలుపులు తెరుచుకుని బయటి వాన. అంతే.

దర్శకుడు మళ్లీ వేయించుకున్నాడు. అతనికి నచ్చలేదు, అది ముఖంలోనే తెలుస్తోంది. గడియారం చూశాడు. ఆ ఇద్దరినీ చూశాడు.

"పంపండి," అన్నాడు.

ఆమె భర్త బల్ల మీద వంగి ఆమె సంతకం కింద తన సంతకం పెట్టాడు. సాయంత్రం లోపే ఫైళ్లు వెళ్లాయి.

కిందికి దిగేసరికి వాన జోరుగా ఉంది. ఆమె ఆటో కోసం మెట్ల మీద నిలబడింది. అతను కొంచెం ఎడంగా నిలబడ్డాడు.

"నేను దింపనా?" అన్నాడు.

"ఒద్దు, ఆటో వస్తున్నది." తర్వాత అడిగింది, "తిన్నవా?"

అతను లేదన్నట్టు తల ఊపాడు. ఆటో వచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది.

వాళ్లు మళ్లీ కలవలేదు. ఆ ఏడాదే విడాకులు మంజూరయ్యాయని ఆమే చెప్పింది, మామూలు గొంతుతో. సినిమా వచ్చింది. కొందరు ముగింపు బాగుందన్నారు, కొందరు పాట మధ్యలో తెగిపోయిందేమిటని అడిగారు. దర్శకుడు ఇంకో సినిమా తీస్తున్నాడు, ఈసారి నన్ను ముందే పిలిచాడు. లిఫ్ట్ సన్నివేశం మాట ఇద్దరం ఎత్తం.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఆమె మాజీ భర్త నుంచి ఫోన్ వచ్చింది. నంబరు చూసి, ఏదో అభ్యంతరం చెబుతాడేమో అనుకున్నాను.

"ఆ చివరి చరణం విడిగా మీ దగ్గర ఉందాండి?"

ఉందన్నాను.

"నాకు పంపగలరా?"

ఆమెను అడిగి చెబుతానన్నాను. ఆమె ఫోన్‌లో "పంపుండ్రి అక్కా," అంది. పంపాను. అందిందని రాశాడు. విన్నాడో లేదో నేను అడగలేదు.